అప్ప కుట్టిన ఉపగ్రహపు దుప్పటి

అప్ప పోయి నెల దాటింది. మా వైపు అక్కను అప్ప అనే అంటాం. ఆమె ఫ్రిజ్ సర్దే పని నా మీద పడింది, ఎందుకంటే బావకు ఆ తలుపు తెరవాలని లేదు. మజ్జిగ గిన్నె, ఎండిపోయిన కరివేపాకు తీసేశాక వెనకాల ఇన్సులిన్ పెట్టుకునే వెండిరంగు సంచి కనిపించింది. మందుల దుకాణంవాళ్లు ఇచ్చేదే, మీ ఇళ్లలోనూ ఒకటి ఉండి ఉంటుంది. దాన్ని తీస్తున్నప్పుడు నా చెయ్యి తనంతట తానే అంచు పట్టుకుంది, మధ్యలో వేలిముద్ర పడకుండా. వదిలేసి ఇన్నేళ్లయినా చెయ్యి ఆ పని మరిచిపోలేదన్నమాట. అప్పా నేనూ ఒకప్పుడు ఉపగ్రహాలకు దుప్పట్లు కుట్టేచోట పనిచేశాం.

ఈ మాట చెబితే నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉపగ్రహం అనగానే అందరికీ పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు గుర్తొస్తాయి. నిజమే, మొత్తం ఉపగ్రహాన్ని ఒక రూపానికి తెచ్చి పైకి పంపగల కంపెనీలు ఆ రోజుల్లో ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. కాని ఆ కంపెనీలు కూడా అన్నీ తామే చేసుకునేవి కావు. ఎండ నుంచి కరెంటు తీసే పలకలు ఒక దేశంలో, బ్యాటరీలు ఇంకో దేశంలో, దిశ మార్చుకోవడానికి కావలసిన చిన్న ఇంజన్లు మరోచోట చేయించుకుని, అన్నిటినీ ఒక పెద్ద గదిలో ఏళ్ల తరబడి బిగించి, ఊపి చూసి, వేడి పెట్టి చూసి, చిట్టచివర దుప్పటి కప్పేవారు. పత్రికల్లో మనం చూసే బంగారు రంగు ఆ దుప్పటిదే. లోపలి యంత్రాన్ని చూసినవాళ్లు తక్కువ, అందరూ చూసింది దర్జీ పనినే.

విజయనగరం శివార్లలో ఆ దుప్పట్లు కుట్టే చిన్న కార్ఖానా పెట్టినాయన బెంగళూరులో చాలాకాలం ఉపగ్రహాల పని చేసి సొంత ఊరికి తిరిగొచ్చిన ఇంజినీరు. మేం ఇంజినీరుగారు అనేవాళ్లం. ఆయనకు దర్జీలు కావలసివచ్చి, బజారులో జాకెట్లు, పరికిణీలు కుట్టే దుకాణం నడిపే మా మావను, అంటే మా అమ్మ తమ్ముణ్ణి, మేస్త్రీగా పెట్టుకున్నారు. మావ తన దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్లను తీసుకొచ్చాడు. అందులో అప్ప ఒకతి. నేను అప్పుడే డిప్లమా ముగించాను కనుక కుట్టిన వాటిని పరీక్షించి సంతకం పెట్టే పని నాకిచ్చారు. అప్పటికి బావ పనిచేసే జనపనార మిల్లుకు తాళం పడి చాలా నెలలైంది. అప్ప అత్తవారింట్లో నాలుగు నోళ్లు ఆమె కుట్టుమిషను మీదే ఆధారపడి ఉన్నాయి. మొదటి ఉపగ్రహానికి మేం కుట్టిన దుప్పటి బెంగళూరు నుంచి వచ్చే తనిఖీ అధికారికి నచ్చితేనే కార్ఖానా ఉంటుందని, లేకపోతే మూతేనని ఇంజినీరుగారు మొదటి రోజే దాచకుండా చెప్పారు.

అది తుపాన్లను కనిపెట్టే ఉపగ్రహం. మన తీరంలో ఉండేవాళ్లకు దాని అవసరం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఎత్తులో గాలి ఉండదు కనుక ఒక పక్క భరించలేని ఎండ, ఇంకో పక్క ఊహకందని చలి, అందుకే ఈ దుప్పటి. అల్యూమినియం పూత పూసిన పల్చని రేకులు, రేకుకూ రేకుకూ నడుమ దోమతెరలాంటి సన్నని వల, అన్నిటికీ పైన పసుపుపచ్చని రేకు, ఇవన్నీ కలిపి కుట్టాలి. కుట్టు బిగించకూడదు. బిగిస్తే రేకులు ఒకదానికొకటి అతుక్కుని వేడి దాటిపోతుంది. జీవితమంతా దారం బిగించి లాగిన చేతులకు వదులుగా కుట్టడం ఎంత కష్టమో కుట్టేవాళ్లకు తెలుస్తుంది. అప్పకు అది తొందరగానే పట్టుబడింది. కుట్టే గదిలో నలుసు కూడా పడకూడదు కనుక తలుపు దగ్గర కాళ్లకు అంటుకుని దుమ్ము లాగేసే చాప, ఒంటినిండా తెల్లటి తొడుగు, తలకు టోపీ, మూతికి గుడ్డ, జడలో పువ్వు ఉండకూడదు, ముఖానికి పౌడరు ఉండకూడదు. మావ దాన్ని ఆపరేషన్ గది అనేవాడు.

దసరా వచ్చింది. కుట్టుపని చేసేవాళ్లకు ఆయుధపూజ అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ రోజు మిషనుకు పసుపు రాయకుండా, బొట్టు పెట్టకుండా, నిమ్మకాయ కోయకుండా మర్నాడు దాని మీద కూర్చోవడం ఎవరికీ మనస్కరించదు. ఇంజినీరుగారు పూజ వద్దనలేదు. ముందు గదిలో అమ్మవారి పటం పెట్టించి, కొబ్బరికాయ అక్కడ కొట్టించారు, లోపలికి మాత్రం పసుపు కుంకుమలు తేవద్దన్నారు. అందరం సరేనన్నాం. సెలవుల తర్వాత ఎప్పటిలాగే పనిలో పడ్డాం, ఉపగ్రహం కెమెరా చుట్టూ వచ్చే పెద్ద ముక్కను అప్ప కుట్టి ముగించింది.

కుట్టిన ముక్కను దీపాలు ఆర్పి, ఊదారంగు దీపం ఒకటి వేసి చూడాలి. మామూలు వెలుతురులో కనపడని నలుసు, పోగు దాని కింద మెరుస్తాయి. ఆ రోజు దీపం పట్టుకునేసరికి కుట్టు పొడవునా సన్నగా, ఆకుపచ్చ కలిసిన పసుపు చుక్కలు మెరిశాయి. అదేమిటో తెలియక అప్పను పిలిచాను, ఆమె వెనకే మిగతావాళ్లూ వచ్చారు. దీపం అటు తిప్పితే వాళ్ల ముఖాలన్నీ అదే రంగులో వెలిగాయి. టోపీకీ మూతిగుడ్డకూ మధ్య కనిపించేంత మేర, పొద్దున రాసుకుని కడుక్కున్న పసుపు. ఒకామె తన చేతులు చూసుకుని, "ఓలమ్మో, దెయ్యాల్లాగున్నామే!" అంది. నవ్వులు ఆగలేదు. మావ కూడా నవ్వుతూ, "నన్నూ సూడండే, నాకేటీ లేదు, మగోణ్ణి" అని చెయ్యి చాపాడు. అతని కుడిచేతి వేళ్ల కొసలు మా అందరికన్నా ఎక్కువగా వెలిగాయి.

నవ్వులు అక్కడ ఆగిపోయాయి. మావ అప్ప మిషను దగ్గరకెళ్లి దాన్ని ఒరగేసి చూపించాడు. అడుగున, ఎవరికీ కనపడనిచోట, మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. పండగ ముందురోజు పెట్టాడట, చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుకోవడం అలవాటు కనుక ఆ పొద్దునా కాస్త తడి పసుపు అద్దాడట. "మీ అందరి వేళ్లూ దాని కిందే ఉంటాయి గదే. సూది దిగిపోతే ఎవరిదే పూచీ? కనపడకుండా ఎట్టినాను, ఆయన మాటా పోనేదు, అమ్మోరి మాటా పోనేదు అనుకున్నాను" అన్నాడు. ఆరిపోయిన పసుపు మిషను అదురుకు పొడిగా రాలి, కింది దారానికి అంటుకుని కుట్టులోకి చేరింది.

స్పిరిట్ పెట్టి తుడిచేద్దామని ఒకరు, ఆ అధికారి దీపం వేసి చూస్తాడో లేదోనని ఒకరు అన్నారు. ఎవరికీ మోసం చెయ్యాలని కాదు, అందరివీ ఆ జీతం మీద బతికే ఇళ్లే. కాని సూది చేసిన రంధ్రాల గుండా పసుపు రేకుల మధ్యకు వెళ్లింది. పైన ఎండకు వేడెక్కినప్పుడు అది ఆవిరై కెమెరా కంటి మీద పొగమంచులా పేరుకుంటుంది. అప్ప నా చేతిలో దీపం తీసుకుని ఆర్పేసింది. "నువ్వు సంతకం ఎట్టకు. కుట్టింది నాను, నానే ఎల్లి సెప్తాను" అంది. మావ అడ్డం పడి, చెప్పవలసింది తనేనన్నాడు. చివరికి ఇద్దరూ వెళ్లారు.

ఇంజినీరుగారు అరవలేదు. మిషను బయటకు తెచ్చి పూజ చేయించమని ఒక్క మాట అడిగి ఉంటే తనే చేయించేవాణ్ణి కదా అన్నారట. ఆ మాటకు మావ బయటికొచ్చి, మిషను అడుగున బొట్టు తనే స్పిరిట్ పెట్టి తుడిచేశాడు. ఒకసారి సూది దిగిన రేకు మళ్లీ కుట్టడానికి పనికిరాదు. ఉన్న రేకు ఇంకొక్క దుప్పటికి సరిపోతుంది. ఇంజినీరుగారు జరిగింది జరిగినట్టు బెంగళూరుకు చెబితే, తనిఖీ అధికారి ఇంకో అవకాశం ఇచ్చి, ఈసారి తలుపు దగ్గరే ఆ దీపంతో మనుషులను చూడాలని, ఒక్క చుక్క మెరిసినా ఆ మనిషి లోపలికి పోకూడదని షరతు పెట్టారు.

ముఖం సబ్బుతో కడిగితే పోతుంది, కాళ్లూ అంతే. పోనిది తాడు. గొలుసులో సూత్రాలు వేసుకునే స్తోమత ఉన్న ఇద్దరు ముగ్గురికి చిక్కు లేదు. అప్పది పసుపుతాడు, పెళ్లయినప్పటి నుంచీ రోజూ పసుపు తాగినది. ఎన్నిసార్లు ఉతికినా దీపం కింద నిప్పుకణికలా వెలిగేది. భర్త ఉండగా ఆ తాడు తీసి పక్కన పెట్టి పనిలోకి వెళ్లడం ఆమె వల్ల కాలేదు. అలాగని ఆ పెద్ద ముక్కను ఆమెలా వదులుగా కుట్టగలిగేవాళ్లు ఇంకొకరు లేరు. ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి అప్ప పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, అత్తగారు గుమ్మంలో నిలబడి, తాడు తియ్యమనే పని కూడా ఒక పనేనా అని వీధికంతా వినపడేలా తిడుతోంది.

బావ మిల్లు మూతపడ్డాక పెద్దగా మాట్లాడడం మానేసిన మనిషి. ఆయన లేచి బయటికెళ్లి, పొందూరు నూలు తెల్లది ఒక చిన్న ఉండ తెచ్చి, పేని తాడు చేసి, సూత్రాలు అందులోకి ఎక్కించి, మా అందరి ముందూ అప్ప మెడలో కట్టాడు. అత్తగారు నెత్తి కొట్టుకుంది. "తెల్లతాడేట్రా! నాను బతికుండగా ఈ మాయదారి పనేట్రా!"

"తెల్లగుంటే నాను సచ్చిపోతానేటే అమ్మా? మిల్లు మూసినప్పుడు పసుపుతాడే ఉన్నాది, ఏటి ఆపింది?" అన్నాడు బావ. అప్పకేసి తిరిగి, "నువ్వు ఎల్లు. నాకేటీ అవదు" అన్నాడు.

దుప్పటి కుట్టినన్నాళ్లూ అత్తగారు అప్ప చేతి నీళ్లు తాగలేదు. వీధిలో ఆడవాళ్లు పేరంటానికి పిలవడం మానేశారు. బావకు ఒకసారి జ్వరం వస్తే అత్తగారు తాడు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకే అప్ప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, జ్వరం దిగాక గాని తేరుకోలేదు. పొద్దున్నే తలుపు దగ్గర నేను దీపం వేసినప్పుడు ఆమె గడ్డం ఎత్తి నిలబడేది. తాడు మెరిసేది కాదు. పో అప్పా అనేదాన్ని.

తనిఖీ అధికారి వచ్చి, గది చీకటి చేసి, ముక్క ముక్కా తిప్పి చూసి, దీపం ఆర్పి, తీసుకువెళ్లవచ్చు అన్నారు. ఆ పూట అప్ప ఏడవలేదు, నవ్వలేదు, మిషను తుడిచి గుడ్డ కప్పింది. అయినా తెల్లతాడు మార్చలేదు. ఉపగ్రహం పైకెళ్లేదాకా మళ్లీ ఏదైనా ముక్క కుట్టవలసి రావచ్చని ఇంజినీరుగారు అన్నారు కనుక. చాలా నెలల తర్వాత సముద్రాల అవతల ఎక్కడి నుంచో అది పైకెళ్లిందని టీవీలో చెప్పారు. మేం వాళ్లింట్లోనే కూర్చుని విన్నాం. వార్తలు అవగానే అత్తగారు లోపలికెళ్లి పసుపు కలిపిన గిన్నె తెచ్చి అప్ప ముందు కూర్చుంది. "ఇప్పుడేనా రాయొచ్చా, ఇంకా మీ ఇంజినీర్ని అడగాలేటే?" అంది. అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు, తాడు చేతిలోకి తీసుకుని కొస నుంచి కొస దాకా రాసింది. అప్ప అప్పుడు ఏడ్చింది.

ఆ కార్ఖానా తర్వాత చాలా ఏళ్లే నడిచింది. కొత్త దుప్పటి మొదలైనప్పుడల్లా బావ మళ్లీ తెల్లతాడు పేనేవాడు. ఇంజినీరుగారు పోయాక మూతపడింది. మావ అంతకు ముందే పోయాడు. అప్ప మళ్లీ జాకెట్లు కుట్టుకుంది, కాస్త వదులుగా కుడుతోందని బేరగాళ్లు విసుక్కునేవారు. మొన్న ఆమెను సాగనంపేటప్పుడు ముత్తయిదువ కదా అని వీధిలో వాళ్లంతా వచ్చి పసుపు రాశారు. బావ గోడవారన కుర్చీలో కూర్చుని చూశాడు.

ఇప్పుడు ఉపగ్రహాలు ఒక్కొక్కటీ ఏళ్ల తరబడి చేసే పని కాదు. ఒకే అచ్చులో వరసగా తయారై, పల్చగా, పళ్లేలు పేర్చినట్టు ఒకే రాకెట్లో గుంపుగా వెళ్తున్నాయి. రేకులు మిషన్లే కోస్తాయి, చాలాచోట్ల కుట్టు బదులు అతుకులే. కొత్త కంపెనీలు ఎన్నో వచ్చాయి, పేర్లు గుర్తుపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు. వేలితో ముట్టుకుంటే పాడయ్యే వస్తువును రోజుల తరబడి ఎదురుగా పెట్టుకుని కూర్చునే ఓపిక ఈ లెక్కలో ఇమడదు, అది ఎవరి తప్పూ కాదు.

నిన్న సాయంత్రం బావ వీధి గుమ్మంలో కూర్చుని అడిగాడు.

"మనది ఇంకా ఉన్నాదేటే పైన?"

"ఉన్నాది బావా. పని ఆగిపోయింది. ఇంకా ఎత్తుకు తోసేసి వదిలేశారు, కిందకి పడదు."

"ఎండ తగులుతాదా?"

"ఒక పక్క తగులుతాది."

"అయితే దుప్పటి దాని పని అది సేస్తన్నట్టే" అన్నాడు. అవునన్నాను. లోపల కాపాడవలసిందేమీ లేదని నేను చెప్పలేదు. ఆయనకు తెలుసు.

ఇప్పుడు పంపే చిన్నవి చాలామటుకు కొన్నేళ్లకే కిందకు దిగి గాలిలో కాలిపోయేలా చేస్తున్నారు. పైన చెత్త పేరుకోదని చదివాను, మంచి పద్ధతే. కాకపోతే వాటిని చేసినవాళ్లు పోయాక, ఇంట్లో మిగిలిన మనిషికి పొద్దువాలే వేళ గుమ్మంలో కూర్చుని అది ఇంకా ఉందా అని అడగడానికి ఏమీ ఉండదు.