పడాల భద్రం

మా కింది వాటాలో ఉండే భద్రానికి ఆ పేరు పుట్టకముందే ఖాయమైంది. నెలలు నిండిన వాళ్ళమ్మ మేడమెట్ల మీద కాలు జారి కిందిదాకా దొర్లింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పొట్ట మీద గొట్టం ఆనించి విని, చివరికి "బిడ్డ భద్రం" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న తల్లి ఆ రెండు మాటలు విన్నాక భోరున ఏడ్చిందట. మగపిల్లవాడు పుట్టగానే ఇంకో పేరు వెతకలేదు. దర్జీ పని చేసే తండ్రి కూడా బాగుందన్నాడు. తమ ఇంటిపేరు పడాల అన్న సంగతి ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది బడిలో. హాజరు పిలుస్తున్న మాస్టారు "పడాల భద్రం" అని చదివి, ఆగి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎక్కడ పడాల నాయనా? చోటు చూపిస్తే భద్రంగానే పడతాం" అన్నాడు. తరగతి గొల్లుమంది. ఆ గదిలోనే చీకటి జ్యోతి ఉంది, ఉప్పు మధుర ఉంది, అగ్గి శీతల ఉంది. అప్పటిదాకా నవ్వులపాలైన వాళ్ళు కాబట్టి, కొత్తవాడు దొరికాడని వాళ్ళే అందరికన్నా గట్టిగా నవ్వారు.

ఇంట్లో మాత్రం ఆ పేరుకి ఎవరూ నవ్వేవారు కాదు. తల్లికి ఆ మెట్ల మీంచి పడ్డ సంగతి మనసులోంచి పోలేదు. ఎవరైనా గుమ్మంలో నిలబడి పూర్తి పేరుతో పిలిస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. కొడుకు ఏ గోడ మీదో, ఏ కిటికీలోనో ఉన్నాడేమోనని చూసుకునేది. నేల మీదే కూర్చుని ఉన్నాడని తెలిశాక, పిలిచినవాళ్ళని తిట్టేది. "ఒక్క ముక్కతో పిలవండి. రెండూ కలిపి అనకండి నా తండ్రిని."

అలాంటి తల్లి కొడుకు ఎదిగి ఏం పని పట్టుకున్నాడో వింటే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. ఎత్తైన భవనాలకి బయటివైపు నుంచి రంగులు వేసే పని. మిద్దె మీది నుంచి రెండు ఉక్కుతాళ్ళతో ఒక పొడవాటి ఇనప తొట్టె వేలాడుతుంది. పనివాళ్ళు దాన్ని ఉయ్యాల అంటారు. రెండు చివర్లా రెండు మోటార్లు, కుడిచివర మీటల పెట్టె. మనిషి నడుముకి వెడల్పాటి బెల్టు, దాని కొక్కెం విడిగా పైనుంచి వేలాడే ఇంకో తాడుకి తగిలించుకోవాలి. ఉయ్యాల తెగినా మనిషి తాడుకి వేలాడతాడన్న మాట. దర్జీ కొట్టు చీకట్లో కూర్చుని కుట్టడం తన వల్ల కాదని భద్రం ఈ పనికి పోయాడు. తల్లి కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదు.

పనిలో చేరినరోజు హెల్మెట్ మీద తెల్లరంగుతో పేరు రాసి ఇచ్చారు. అది చదివినవాళ్ళెవరూ అతనితో ఉయ్యాల ఎక్కలేదు. "నువ్వు పడాల సరే. నీతో ఎక్కినందుకు మేమూ పడాలా?" అన్నాడొక పెద్దాయన. నవ్వుతూనే అన్నాడు గానీ బెల్టు మాత్రం విప్పేశాడు. సూపర్‌వైజరు విసుక్కుని, "మొదటి ముక్క వాళ్ళ తాతలది, రెండో ముక్క వాడిది. వాడిది చూసి ఎక్కండి" అన్నాక గానీ పని మొదలవలేదు.

ఏళ్ళు గడిచాయి. భద్రం చేతిలోంచి కుంచె కూడా జారి పడలేదు. హాస్యం పాతబడింది. పెళ్ళయింది. పెళ్ళిలో బావమరిది భుజం మీద చెయ్యేసి, "మా అక్కని తీసుకొచ్చి పడాల వాళ్ళింట్లో పడేశాం. ఇంక లేపే పూచీ నీదే బావా" అన్నాడు. కూతురు పుట్టాక భార్య చాలా ఆలోచించి, "పడినా అందరూ సంతోషించేది ఏదైనా పెడదామండీ" అని వర్ష అని పెట్టింది. పడాల వర్ష. ఆ పేరు విన్నవాళ్ళందరూ బాగుందన్నారు.

ఆ బావమరిదే కథకి మూలం. చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు. ఆ దుకాణం మూతపడింది. అక్క దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆమె మొగుణ్ణి పట్టుకుంది. "మీతోపాటు తీసుకెళ్ళండి. వేరేవాళ్ళతో మాత్రం ఎక్కనివ్వకండి. మీ కళ్ళ ముందే ఉండాలి." భద్రం సరేనన్నాడు. వాడికి పని నేర్పాడు. మనిషి మాటకారి. కింద ఉన్నంతసేపు కోతలు కోసేవాడు. ఉయ్యాల నేల వదిలాక మాత్రం మాట సన్నబడి, పై అంతస్తులకి చేరేసరికి పూర్తిగా పోయేది. కళ్ళు గోడ మీదనుంచి తిప్పేవాడు కాదు. వాడు భయపడుతున్నాడని భద్రానికి తెలుసు. అలవాటైపోతుందిలే అనుకున్నాడు.

అది జరిగింది ఒక మధ్యాహ్నం. పద్నాలుగో అంతస్తు దగ్గర ఉన్నారు. గాలి పెరిగింది. దిగిరమ్మని సూపర్‌వైజరు కిందనుంచి ఈల వేశాడు. భద్రం మీట నొక్కాడు. ఎడమవైపు మోటారు కదల్లేదు. కుడివైపుది దిగుతూనే ఉంది. అతను అన్నిటినీ ఆపేసే ఎర్రబొత్తాం మీద గుద్దేలోపే ఉయ్యాల ఒక పక్కకి ఒరిగిపోయింది. కుడిచివర భద్రం కింద, ఎడమచివర బావమరిది పైన. మధ్యలో ఉన్న రంగు డబ్బాలు జారుకుంటూ వచ్చి భద్రం మోకాళ్ళకి కొట్టుకుని బోర్లాపడ్డాయి. ఒక డబ్బా అంచు దాటి పోయింది. దాని చప్పుడు వెంటనే రాలేదు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మరీ చిన్నగా వచ్చింది. అది విన్నాకే తామెంత ఎత్తులో ఉన్నారో తెలిసిందని భద్రం నాతో అన్నాడు.

బావమరిది పైచివర కమ్మీని కావలించుకుని వేలాడుతున్నట్టున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఒరేయ్, ఏం కాదు. కొక్కెం ఉంది కదా. కదలకు" అన్నాడు భద్రం.

వాడు కమ్మీకి ఇంకా గట్టిగా అతుక్కుపోయాడు.

పక్కన కిటికీ ఉంది. అద్దం గోడకి బిగించేసినది, తెరుచుకోదు. లోపల బల్ల ముందు కూర్చున్న ఒకావిడ లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని వీళ్ళనే చూస్తోంది. ఆవిడ కళ్ళలో భయం చూశాక భద్రానికి తన భయం రెట్టింపైంది. తల తిప్పేసుకున్నాడు.

కింద జనం పోగయ్యారు. మిద్దె మీదికి మనుషులు పరుగెత్తుతున్నారు. సామాను మీద కప్పిన పెద్ద నీలంపట్టాని నలుగురు తలో మూలా పట్టుకుని లాగుతున్నారు. అడుగున ఉన్న తాళ్ళ చుట్టలు తీయడానికి. సూపర్‌వైజరు మైకు అందుకున్నాడు. పైనున్న ఇద్దరూ బెంబేలెత్తి బెల్టులు విప్పుకుంటారేమోనని ఆయన భయం. ధైర్యం చెబుదామనుకుని గట్టిగా అరిచాడు.

"పడాల భద్రం! కొక్కెం తీయకండి! పడాల భద్రం!"

గాలి సగం మాటలు ఎత్తుకుపోయింది. మన మాటల్లో వద్దనేదంతా చివరే కదా వచ్చేది. పైకి చేరింది ఇంతే: "పడాల... భద్రం... కొక్కెం తీయ... పడాల..."

బావమరిది మొదటిసారి కిందకి చూశాడు. నీలంపట్టా కనిపించింది. నాలుగు మూలలా నలుగురు మనుషులు. వాడి పెదాలు కదిలాయి.

"పడాలంట బావా."

"ఏంటి?"

"పట్టా పట్టుకున్నారు. కొక్కెం తీసి పడాలంట. భద్రంగా పడాలంట."

భద్రానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి వాడి కుడిచెయ్యి కమ్మీని వదిలి నడుము దగ్గరికి పోయింది.

"ఒరేయ్! అది నా పేరురా! నన్ను పిలుస్తున్నార్రా!"

వాడికి ఆ మాట ఎక్కలేదు. పెళ్ళినాటినుంచి ఆ పేరు మీద వెయ్యి జోకులు వేసినవాడు, బావకి అలాంటి పేరుందన్న సంగతే మరిచిపోయిన ముఖంతో చూస్తున్నాడు. భద్రం పైకి పాకబోయాడు. ఒలికిన రంగు మీద కాలు జర్రున జారి మళ్ళీ మొదటికొచ్చాడు. ఆ కుదుపుకి ఉయ్యాల ఇంకాస్త ఒరిగింది. ఇంకోసారి ప్రయత్నించే ధైర్యం లేకపోయింది. కిందకి వంగి, "పేరు పిలవొద్దు! నా పేరు పిలవొద్దు!" అని గొంతు చించుకున్నాడు. కిందవాళ్ళకి అది సాయం కోసం వేసే కేకలా వినిపించింది. సూపర్‌వైజరు ఇంకా గట్టిగా, ఇంకా ప్రేమగా పిలిచాడు.

"పడాల... భద్రం..."

కొక్కేనికి రెండు తాళాలుంటాయి. వాడి వేళ్ళు మొదటిది తిప్పేశాయి.

ఇక కాదని వాదించి లాభం లేదని భద్రానికి తోచింది. ఎలా తోచిందో తనకే తెలియదంటాడు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు అన్నాడు.

"సరేరా. పడదాం. ముందు నేను. పెద్దవాణ్ణి కదా."

వాడి చెయ్యి ఆగింది.

"నా కొక్కెం బిగుసుకుపోయింది, రావట్లేదు. నువ్వొచ్చి తియ్యి. నీది అలాగే ఉంచుకుని రా. నాది తీసి, నేను పడ్డాక, నువ్వు తీసుకుందువుగాని."

వాడు కిందికి చూశాడు. బావ వైపు చూశాడు. "నువ్వు పడ్డాకేనా?"

"నేను పడ్డాకే. రా."

పైవాడు కిందికి జారడం తేలిక. వాడి తాడు పైనుంచి పొడుగ్గా వేలాడుతోంది కాబట్టి ఆ మాత్రం పక్కకి వస్తుంది. వాడు కమ్మీ వదిలి కూర్చున్నవాడు కూర్చున్నట్టే దేకడం మొదలుపెట్టాడు. వాడి బరువు దగ్గరయ్యేకొద్దీ కుడివైపు కిర్రుమంటూ దిగుతోంది. వాడు అందేంత దూరానికొచ్చి, బుద్ధిమంతుడిలా బావ నడుము దగ్గరికి చెయ్యి చాచాడు.

భద్రం వాణ్ణి రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. కాళ్ళు కమ్మీలో మెలేసి, వాడి మణికట్లు రెండూ తన గుప్పిట్లో బిగించి, కొక్కెం రెండో తాళం మీద తన పొట్ట ఆనించి అదిమాడు. మోసం తెలిసి వాడు పెనుగులాడాడు. "వదులు బావా, పిలుస్తున్నారు, పిలుస్తున్నారు" అని ఏడ్చాడు. భుజం కొరికాడు. చొక్కాలోంచి పళ్ళు దిగాయి. భద్రం వదల్లేదు. కిందనుంచి మైకు తన పేరు పిలుస్తూనే ఉంది. పుట్టినప్పటినుంచి తనదే అనుకున్న ఆ రెండు మాటలూ అప్పుడు ఎవరో పగవాడు పలుకుతున్నట్టు వినిపించాయట.

మిద్దె మీదినుంచి ఇద్దరు తాళ్ళతో దిగి, ముందు బావమరిదిని కట్టి పైకి లాగారు. తర్వాత భద్రాన్ని. మిద్దె నేల మీద కూర్చోబెట్టినా అతని గుప్పిళ్ళు విడిపోలేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా ఎవరో విప్పారు.

సూపర్‌వైజరు మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. "ధైర్యంగా ఉంటావని నీ పేరే పిలుస్తూ ఉన్నానయ్యా" అన్నాడు.

అంతటితో అయిపోయిందనుకుంటాం. బావమరిదికి ఆ మధ్యాహ్నంలో సగం గుర్తులేదు. గుర్తున్నది మాత్రం అక్కతో చెప్పాడు. "బావ కూడా పడదామన్నాడక్కా. సరే, పడదాం అన్నాడు."

ఆమె మొగుడి భుజం మీద గాయానికి మందు రాస్తూ అడిగింది. "నిజంగా అన్నారా?"

"అన్నాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. అతను జరిగిందంతా చెప్పాడు. పేరు సంగతి, పట్టా సంగతి, అబద్ధమాడిన సంగతి. ఆమె విన్నది, తల ఊపింది. నమ్మినట్టే ఉంది. కానీ ఆ రోజునుంచి అతను పిల్లనెత్తుకుని మేడ మీదికి వెళ్తుంటే వెనకాలే వెళ్ళేది. పిట్టగోడ దగ్గర నిలబడితే ఏదో పని చెప్పి వెనక్కి పిలిచేది. అతనికి తెలుస్తూనే ఉంది. కోపం రాలేదు. అంత తేలిగ్గా, అంత మామూలు గొంతుతో "పడదాం" అనగలిగిన మనిషిని చూసి తనకే భయం వేసింది.

కొన్నాళ్ళకి మళ్ళీ ఉయ్యాల ఎక్కాడు. వేరే పని రాదు కదా. ఇంకా సగం ఎత్తు కూడా చేరలేదు, కొత్తగా చేరిన మేస్త్రీ కిందనుంచి ఏదో అడగడానికి పూర్తి పేరు పెట్టి పిలిచాడు. భద్రం వంగి చూడబోతే, తన కుడిచెయ్యి నడుము దగ్గర ఉంది. వేళ్ళు కొక్కెం మీద ఉన్నాయి. అవి ఎప్పుడు అక్కడికి పోయాయో తెలియదు. తాళం తిరగలేదు, అంతే. తిరిగేది కాదని మాత్రం ఒట్టు పెట్టి చెప్పలేనన్నాడు నాతో.

దిగి, మళ్ళీ ఎక్కలేదు. సూపర్‌వైజరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన నవ్వుతాడనుకున్నాడు. ఆయన నవ్వలేదు. చాలాసేపు అతని చేతుల వంకే చూసి, "నువ్వు కింద మైకు దగ్గరుండు" అన్నాడు.

ఇప్పుడదే పని. ఎవర్నీ పేరు పెట్టి పిలవడు. ఎడమాయనా, కుడాయనా అంటాడు. వద్దనే మాట ముందే చెప్తాడు. "వద్దు వద్దు, కొక్కెం వద్దు" అంటాడు. గాలి మాట తోక కోసుకుపోయినా తల మిగులుతుంది. మొదట్లో పైవాళ్ళు ఎగతాళి చేశారు. ఇప్పుడు వాళ్ళకి అదే అలవాటైంది.

బావమరిది ఒక గిడ్డంగిలో కుదిరాడు. అక్కడ మెట్లు కూడా లేవు. సెలవురోజున అక్క ఇంటికి వస్తాడు, భోంచేస్తాడు, పిల్లతో ఆడతాడు. బావని పేరుతో ఆటపట్టించడం మానేశాడు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు గానీ ఎదురెదురుగా కూర్చోరు.

భద్రం మెడ ఈమధ్య పట్టేసింది. డాక్టరు పైకి చూడటం తగ్గించమన్నాడట. ఉయ్యాల గాల్లో ఉన్నంతసేపు అతను తల దించడు. మంచినీళ్ళు తాగడానికి కూడా దించడు. పైవాళ్ళ మొహాలు అంత దూరంనుంచి కనిపించవు. అతను చూసేది మొహాలు కాదు. వాళ్ళ చేతులు ఎక్కడున్నాయో అదే చూస్తూ ఉంటాడు.