చేతులు మీవి, మాట నాది

పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే ఫోన్ మోగింది. అశోక్‌నగర్‌లో నేను చదువుకునే రోజుల్లో కిరాయికి ఉన్న ఇంటి ఓనరు, అంకుల్. ఆయన ఫోన్ చేయడం కొత్త కాదు. అంత పొద్దున్నే మాత్రం ఎప్పుడూ చేయడు.

"బిడ్డా, మీ ఆంటీ పోయిందమ్మా" అన్నాడు. "తెల్లారంగ. నిద్రలనే."

ఆయనే మళ్ళీ అన్నాడు. "నిమ్మళంగ రా. ఏమన్న తిని బస్సెక్కు. ఖాళీ కడుపుతోని వచ్చినవంటే ఆమె ఊకోదు."

హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక డబ్బా తెరిచి, నేను చేసుకున్న నిమ్మకాయ పులిహోర తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. పక్క సీట్లో పెద్దావిడ చూసి నీళ్ళ సీసా చేతికిచ్చింది.

ఆంటీ గురించి రాయాలంటే ముందు ఒక మాట చెప్పాలి. ఆమె చేతి వంట నేను ఒక్కనాడూ తినలేదు. ఒకప్పుడు ఆ వీధి పెళ్ళిళ్ళకు పచ్చళ్ళు కలపడానికి ఆమెను పిలిచేవారట. నేను ఆ ఇంట్లో చేరేనాటికే పక్షవాతం ఆమె కుడి చెయ్యినీ కుడి కాలినీ పట్టేసింది. వంటింటి గడప దగ్గర చేతుల కుర్చీలో కూర్చుని ఉండేది. అక్కడ కూర్చునే, నోటి మాటతోనే, నాలాంటి ఎందరికో వంట నేర్పింది.

నేను సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి గ్రూప్స్ కోచింగ్ కోసం వచ్చాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఊళ్ళో మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. "నువ్వు సదువుకో, పొయ్యి కాడ నేనున్న" అనేది. దాంతో చదువు వచ్చింది కానీ పొయ్యి ముట్టించడం రాలేదు. నా రూమ్మేట్ సునీతదీ అదే సంగతి. పొద్దున కోచింగ్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో రీడింగ్ హాల్, సాయంత్రం మళ్ళీ క్లాసు. నడుమ ఏది దొరికితే అదే తిండి. బేకరీలో కర్రీ పఫ్, బండి మీద ఎగ్ నూడుల్స్, ఎర్ర సాస్ పోసిన ఫ్రైడ్ రైస్, అదీ లేకుంటే మిర్చి బజ్జి. నారాయణగూడ చౌరస్తా దగ్గరి బండి అన్న మమ్మల్ని చూడగానే, అడగకుండానే కడాయి పెట్టేవాడు. రుచిగానే ఉండేది, అబద్ధం ఎందుకు. కానీ కొన్ని నెలలకు కడుపులో మంట మొదలైంది. రీడింగ్ హాల్లో పుస్తకం తెరిస్తే అక్షరం తలకెక్కేది కాదు, మంటే తెలిసేది. డాక్టరు బయట తిండి మానేయమన్నాడు. సంగతి తెలిసి ఊరి నుంచి మా బాపు ఫోన్ చేశాడు.

"పానం కన్న నౌకరి ఎక్కువ కాదు బిడ్డా. వచ్చెయ్."

రానన్నాను. రానన్నానే గానీ, ఇక్కడ ఏం తిని ఉండాలో నాకే తెలియదు.

అప్పుడే ఒక బంద్ వచ్చింది. బండ్లు లేవు, మెస్సులు మూతపడ్డాయి, కిరాణా షట్టర్లు కూడా దించేశారు. రూములో ఉన్న బిస్కెట్లు పొద్దున్నే అయిపోయాయి. మధ్యాహ్నానికి ఇక ఆగలేక, ఎక్కడైనా బ్రెడ్ దొరుకుతుందేమో చూద్దామని ఇద్దరం మెట్లు దిగుతుంటే కింది వాటాలోంచి పోపు వాసన వచ్చింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

తలుపు తీసే ఉంది. అంకుల్ పీట ముందేసుకుని ఉల్లిగడ్డ కోస్తున్నాడు. ఆంటీ కుర్చీలోంచి మమ్మల్ని చూసింది.

"తిన్నరా?" అని అడిగింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది. మాకు అర్థం కాకపోతే అంకుల్ మళ్ళీ చెప్పేవాడు.

"లేదాంటీ. అంతా బంద్ ఉన్నది గద."

"పైన బియ్యం ఉన్నయా?"

"లేవు."

"పొయ్యి?"

"లేదు."

"మరి ఏమున్నయ్ మీ రూముల?"

"పుస్తకాలున్నయాంటీ" అంది సునీత.

ఆంటీ ముఖంలో ఒక పక్కకే నవ్వు వచ్చింది. "అవి ఉడుకయి గద బిడ్డా."

పిలిచి అన్నం పెడుతుందనుకున్నాం. అంకుల్ పళ్ళేలు తీయబోయాడు కూడా. ఆంటీ ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇయ్యాల మనం పెడ్తం. రేపు గూడ బందయితే? లోపలికి రాండ్రి. చేతులు మీవి, మాట నాది."

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో! మనిషికి రెండు పిడికిళ్ళ బియ్యం, ఒక పిడికిలి పెసరపప్పు. "గ్లాసుతోని ఎందుకు, నీ కడుపుకు నీ పిడికిలే కొలత" అంది. కడిగి కుక్కర్లో వేశాం. ఒక టమాట, చీరిన పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు, ఉప్పు. నీళ్ళెన్ని పోయాలని అడిగితే, "బియ్యం మీద వేలు నిలబెట్టు. రెండు గీతలు మునగాలె" అంది. కుక్కర్ మొదటి సీటీ కొట్టగానే నేను ఆమె కుర్చీని దాటుకుని బయటికి ఉరికాను.

"అది కూస్తది గానీ కరువదు" అంది ఆంటీ. "వచ్చి ముందుగాల మంట తగ్గియ్యి. భయం తర్వాత పడుదువు."

ఆ కిచిడీ అడుగు పట్టింది, ఉప్పు చాలలేదు. గిన్నె మాత్రం ఖాళీ చేశాం. ఆ సాయంత్రం నా కడుపు మండలేదు.

వారం తిరక్కుండానే మా రూములోకి చిన్న సిలిండర్ పొయ్యి, నారాయణగూడలో కొన్న బుజ్జి కుక్కరు వచ్చాయి. వచ్చినంత మాత్రాన వంట వచ్చిందా? నాలుగు రోజులు చేసి అయిదో రోజు మళ్ళీ బండి దగ్గర నిలబడ్డాం. ఆంటీకి తెలిసింది. తిట్టలేదు.

"ఎందుకు చేసుకోలే?"

"టైం లేదాంటీ. క్లాసుకు లేటయితది."

"బండి కాడికి పోయి రానీకె టైం ఉన్నదా?"

ఆమె సునీత వైపు తిరిగింది. "నువ్వు పోయి ఫ్రైడ్ రైస్ పట్కరాపో. ఇది ఈడ చేస్తది. ఎవల్ది ముందుగాల అయితదో చూద్దాం."

సునీత చెప్పులు వేసుకుని పరుగు తీసింది. నాకు వాళ్ళింట్లో పొద్దున్న మిగిలిన అన్నం, ఒక ఉల్లిగడ్డ, ఒక టమాట, రెండు గుడ్లు. "నూనె కాగనియ్యి. ఉల్లిగడ్డ సన్నగ గాకున్నా ఏం గాదు, వెయ్యి. కలుపు. టమాట మెత్తవడ్డదా? గుడ్లు కొట్టు. ఆగకు, కలుపు, కలుపు!" కుర్చీ చేతిని ఎడమ చేత్తో కొడుతూ క్రికెట్ చూస్తున్నట్టు అరుస్తోంది ఆమె. అంకుల్ గేటు దగ్గర నిలబడి "ఇంకా రాలే, ఇంకా రాలే" అని కేకేస్తున్నాడు. సునీత పొట్లంతో గేటు తీసేసరికి నేను పళ్ళెంలో రెండో ముద్ద కలుపుతున్నాను. గుడ్డు ఒక పక్క మాడింది, కారం వేయడమే మరిచిపోయాను. అయినా గెలిచాను. ఆ తర్వాత మా ఇద్దరి నోటా "టైం లేదు" అన్న మాట రాలేదు.

ఆమె పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఒక రోజు అంకుల్ చెప్పాడు. జబ్బు చేసినప్పుడు చాలా రోజులు ఆంటీకి మాట పడిపోయింది. అంతకు ముందు ఆయన టీ కూడా పెట్టి ఎరగడు. ఉన్న ఒక్క బిడ్డ అత్తగారింటి నుంచి వచ్చి కొన్నాళ్ళు చేసి వెళ్ళింది. తర్వాత ఆయనే వండేవాడు, చెంచాతో ఆమెకు తినిపించేవాడు. ఒకనాడు పప్పు నోట్లో పెట్టగానే ఆమె ముఖం చిట్లించి, నాలుక మడతపడుతుంటే కూడగట్టుకుని, "ఉప్పెక్కువైంది" అంది.

"అదే మొదటి మాట బిడ్డా" అన్నాడు అంకుల్. "ఆ పప్పు నేనే మొత్తం తిన్న, అంత సంబురమైంది."

ఆంటీ అప్పుడు తల తిప్పుకుని, "ఎక్కువనే ఉండె మరి" అంది.

కానీ ఆమె ఎప్పుడూ అంత ధైర్యంగానే ఉందని రాస్తే అది నిజం కాదు. ఒకసారి నేను కిందికి వెళ్ళేసరికి వంటింట్లో నేలంతా చారు. అంకుల్ ఇంట్లో లేడు. ఆమె కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని పొయ్యి దాకా వెళ్ళింది. ఎడమ చేత్తో గంటె తిప్పబోతే గిన్నె పడిపోయింది. అదృష్టం కొద్దీ చారు కాలేంత వేడి కాలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెడితే చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నా చేతుల రుచి నా చేతులల్లనే చచ్చిపోయిందే" అంది.

నేను నేల తుడిచాను. తుడవడం అయ్యేసరికి ఆమె కళ్ళు ఒత్తుకుని నా వైపు చూసింది. "చింతపండు ఇంకింత ఉన్నది. మళ్ళ నానబెట్టు. ఆయన వచ్చేసరికి చారు కావాలె." మరునాటి నుంచి వెల్లుల్లి పొట్టు తీయడం, చిక్కుడుకాయ తుంచడం ఎడమ చేత్తో మొదలుపెట్టింది. మొదట్లో ఒక్క వెల్లుల్లికే ఆమెకు చాలా సేపు పట్టేది. మేము అందుకోబోతే చెయ్యి లాక్కునేది.

బాపు వస్తానన్న ఆదివారం నాకు బాగా గుర్తు. పరీక్షలు మళ్ళీ వాయిదా పడ్డాయి. ఇంకెన్నాళ్ళు కడుపు కాల్చుకుంటావని, నన్ను తీసుకుపోవడానికే వస్తున్నాడు. కిందికి వెళ్ళి ఆంటీని బతిమాలాను.

"మీరు జర చెప్పరాదా మా బాపుకు, నన్ను ఈడనే ఉండనియ్యుమని."

"నేనేం చెప్త? నువ్వే వండి పెట్టు. ఇయ్యాల నా మాట గూడ రాదు. పోయి ఒక్కదానివే వండు."

ఆమెను ఒక్క మాట కూడా అడగకుండా వండడం అదే మొదలు. పాలకూర పప్పు, గుడ్డు పొరటు, చారు, అన్నం. బాపు పుస్తకాలు వేసుకుపోవడానికి ఖాళీ సంచి తెచ్చుకున్నాడు. దాన్ని పక్కన పెట్టుకుని తినడానికి కూర్చున్నాడు. పప్పు మళ్ళీ వేయించుకున్నాడు. చారు గ్లాసులో పోయించుకుని తాగి, "పులుపు జర ఎక్కువైంది" అని, ఇంకో గ్లాసు పోయమన్నాడు.

"నిజంగ నువ్వే చేసినవా?"

"నేనే బాపు."

"మీ అమ్మకు చెప్తే నమ్మదు."

ఆ సంచి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ కింద ఆగి, "అమ్మా, పిల్ల మీ నీడన ఉన్నది, ఇగ నాకు రంది లేదు" అన్నాడు ఆంటీతో.

"నా నీడన ఏంది, పొయ్యి కాడ ఉన్నది" అంది ఆమె.

తర్వాత మా ద్వారా ఆ వంటింటి సంగతి వీధిలో పాకింది. పక్క హాస్టలు అమ్మాయిలు వచ్చారు. కవాడిగూడ నుంచి, బాగ్ లింగంపల్లి నుంచి రూముల్లో ఉండే అబ్బాయిలు కూడా వచ్చారు. ఉప్మా ఉండ కడుతోందని ఒకడు, అన్నం ముద్దవుతోందని ఇంకొకడు. ఎవరికీ పెద్ద వంటలు చెప్పలేదామె. పావుగంటలో అయ్యేవి, మార్కెట్లో ఆ రోజు చవగ్గా దొరికిన కూరగాయతో అయ్యేవి చెప్పేది. "ఆకలి అయినంక వంట మొదలుపెట్టకుండ్రి, అప్పుడు కాళ్ళు బండి దిక్కే పోతయి" అనేది. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, చాలామందికి రాలేదు. రానివాళ్ళకు కూడా ఫోన్ చేయించి, "ఏం వండుకున్నవ్?" అని అడిగేది. పరీక్ష సంగతి అడిగేది కాదు. నాకు ఉద్యోగం వచ్చింది, వేరే జిల్లాకు వచ్చేశాను.

ఆంటీ పోయిన రోజు నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆంటీని చివరిసారి చూసుకున్నాను. ఆ ముఖం ఇప్పుడు రెండు పక్కలా ఒక్క తీరుగా ఉంది. దహనానికి తీసుకెళ్ళాక ఆ ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు కాబట్టి, ఆమె దగ్గర వంట నేర్చుకుని ఆ రోజు వచ్చిన మేమంతా పైకి, మేము ఉన్న పాత రూముకు వెళ్ళాం. ఇప్పుడు ఉంటున్న అమ్మాయిలు పొయ్యి ఇచ్చారు. ఎవరో ఇంటి నుంచి కుక్కరు తెచ్చారు, ఎవరో గంజు తెచ్చారు. సునీత బియ్యం కడిగింది. ఇంతమందిమి ఒకే పొయ్యి చుట్టూ తిరుగుతున్నా ఎవరి చెయ్యీ ఎవరికీ అడ్డం పడలేదు. లోయర్ ట్యాంక్ బండ్‌లో ఉండే ఒక అబ్బాయి, నీళ్ళు కళ్ళ నుంచి కారుతుంటే ఉల్లిగడ్డ వంకతో తుడుచుకున్నాడు.

స్నానాలై వచ్చినవాళ్ళందరికీ కింద వడ్డించాం. అంకుల్ వద్దనలేదు. మెల్లగా, పళ్ళెంలో పెట్టిందంతా తిన్నాడు.

తర్వాత మేము పైన గిన్నెలు కడిగి, మిద్దె పిట్టగోడ మీద వరసగా బోర్లించాం. ఒక్కోటి ఒక్కో ఇంటిది. ఎండ దిగుతోంది. వాటి నుంచి కారే నీళ్ళు సున్నం గోడ మీద సన్నటి గీతలుగా కిందికి, ఆంటీ వంటింటి కిటికీ దాకా పోతున్నాయి. కిటికీ బయట ఊచలు పట్టుకుని, తల పైకెత్తి, అంకుల్ ఆ గిన్నెలనే చూస్తూ నిలబడ్డాడు.