చెప్పింది చేరేదాకా

మా ప్రాజెక్టు మేడం పోయినరని మూడు దినాల కింద పొద్దున్నే తాపీ మేస్త్రీ భాయ్ ఫోన్ చేసి చెప్పిండు. అప్పుడు కంచన్‌బాగ్ దిక్కు ఒక బిల్డింగుల నిచ్చెన మీద నిలబడి వైరు లాగుతున్న. "గుండె ఆగిందట భాయ్, నిద్రలనే," అన్నడు. కిందికి దిగి వైరు చుట్ట మీద కూసున్న.

నాది కరెంటు పనుల కాంట్రాక్టు, ఇల్లు పాతబస్తీల, జహనుమాల. కొన్నేండ్ల కింద మేం కట్టిన ఒక ఆస్పత్రికి, ఆ కట్టుబడి మొత్తానికి ఆమె పెద్ద. ఆ సైట్ల తాపీ పనోళ్లు పాతబస్తీ వాళ్లు, ఇనుప పనోళ్లు పాలమూరు వాళ్లు, సెంట్రింగ్ చెక్కలు కొట్టేటోళ్లు బిహార్ వాళ్లు. ఇంజనీర్లేమో ఇంగ్లీషుల మాట్లాడుదురు. ఒకల మాట ఒకలకు అందక రోజూ లొల్లే.

మేడం పైనుంచి కేకెయ్యంగ నేనెన్నడు చూడలే. మాట చెప్పాలంటే మెట్లెక్కైనా, దిగైనా మనిషి ముంగటికి వచ్చేది. ఫోన్ల గ్రూపుల మెసేజ్ పెట్టినమని ఇంజనీర్లంటే నవ్వేది. "పెట్టుడు వేరు, చేరుడు వేరు నాయనా."

ఒకసారి పైపుల విషయంల ప్లంబరుకు, నాకు మస్తు గొడవైంది. ఇద్దర్ని ఎదురెదురుగ నిలబెట్టింది. "ఆయన బాధ నువ్వు చెప్పు. నీ బాధ ఆయన చెప్తడు," అన్నది. ఆయన బాధ నా నోటితోని చెప్తుంటే సగంల నాకే నవ్వొచ్చింది. పైపు పక్కకు జరిగింది, లొల్లి ఒడిసింది.

ఇగ ఆ పొద్దు సంగతి చెప్పాలె. స్లాబు పోసినంక, కింద ఆసరాగ నిలిపిన ఇనుప జాకీలు తీసే రోజది. పొడుగు బీమ్ ఇంకా పచ్చిగనే ఉంది, దాని కింది జాకీలు ముట్టద్దు, తీస్తే కూలుతది. మా ఇంజనీరు పాతబస్తీ పిల్లగాడే. బిహార్ నుంచి కొత్తగ వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీకి, "లంబే బీమ్ కే నీచే ఖోల్నా నక్కో," అని చెప్పి పోయిండు. మేస్త్రీ తలూపిండు. నేను, నా పనోళ్లు ఆ బీమ్ కిందనే వైర్ల పనికి తయారుగున్నం.

మేడం వచ్చింది, ఎంబడి ఇంజనీరు గూడ. రోజూ అందర్ని అడిగినట్టే, ఏం అర్థమైందో నీ మాటల్ల చెప్పమని మేస్త్రీని అడిగింది, "క్యా సమ్‌ఝే భాయ్? అప్నే శబ్దోఁ మే బోలో."

"లంబా బీమ్ ఖోల్నా హై, మేడం. వహీఁ సే షురూ," అన్నడాయన. పొడుగు బీమ్ కిందనే విప్పాలె, ఆడికెల్లే మొదలని.

ఇంజనీరు మొఖం తెల్లబోయింది. "నక్కో అన్న గదా!" అన్నడు.

"నక్కో అంటే మీ దిక్కు 'జీ' లెక్క మర్యాద మాట అనుకున్న సాబ్," అన్నడు మేస్త్రీ హిందీల. మా దగ్గర పసిపోరలకు గూడ నక్కో అంటే వద్దని ఎరుకే. ఆయనకెట్ల ఎరుకుంటది?

మేడం ఎవ్వర్ని తిట్టలే. "వినేటోనికి అందలేదంటే, చెప్పేటోని పని ఇంకా ఒడవలేదన్నట్టు," అని మాత్రం అన్నది. ఎర్ర గుడ్డ తెప్పించి చింపి, మేస్త్రీతోని కలిసి ఆ బీమ్ కింది ఒక్కో జాకీకి కట్టింది. తర్వాత ఆయనతోనే మా అందరికీ చెప్పించింది, ఎర్ర గుడ్డ ఉన్నకాడ చెయ్యి పెట్టద్దని. నేను నెత్తి మీది బీమ్ దిక్కు చూసిన, ఆమె దిక్కు చూసిన. ఒక్క ప్రశ్నతోని ఇంతమంది పాణం నిలబెట్టిన మనిషి, చేతికంటిన దుమ్ము దులుపుకొని తర్వాతి పనికి పోయింది. ఆ ఆశ్చర్యం నాకు ఇయ్యాల్టికీ తగ్గలే.

మొన్న ఉప్పుగూడల ఆమె ఇంటికి పోయినం. గల్లీ నిండ సైటోళ్లే. సెంట్రింగ్ మేస్త్రీ గూడ వచ్చిండు, ఇక్కడ్నే పుట్టిన బిడ్డను భుజాన ఏస్కొని. పక్కనుంచి రైలు పోతుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడ్తలేదు. ఆ సప్పుడులనే బిడ్డ తెలుగుల ఏందో అడిగింది. ఆయన తల వంచి, చెవి దాని నోటి దగ్గర పెట్టి, ఆ మాట అందేదాకా అట్లనే నిలబడ్డడు.