గుయ్‌మనని పెట్టె

మావయ్యగారి ఆంప్లిఫయర్‌లో పాట విన్నవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఆయన వినిపించేది నిశ్శబ్దం. పోస్ట్‌మ్యాన్ రానీ, కుళాయి బాగుచేసేవాడు రానీ, ముందు స్పీకర్‌కు చెవి ఆనించాల్సిందే. "గుయ్‌మంటోందా?" అని ఆయన ఊపిరి బిగబట్టి అడుగుతారు. అంటోందంటే మొహం వేలాడేస్తారు. అనడం లేదంటే, "మొహమాటానికి చెప్పకు, నాకు వినిపిస్తోంది" అని కసురుతారు.

ముప్పై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. యాభై ఎనిమిదో ఏట పాత పుస్తకాల కొట్లో, ఆంప్లిఫయర్ సొంతంగా తయారుచేసుకోవడం ఎలాగో చెప్పే అట్టలేని పుస్తకం కంటబడింది. ఇంకేముంది! ముందు గదిలో కుట్టుమిషన్లు ఓ మూలకు జరిగాయి, సోల్డరింగ్ ఐరన్ పీఠమెక్కింది. అత్తగారి లెక్కలో మొదటి పెట్టె తగలబడింది, రెండోది టేబుల్ గుడ్డను తగలబెట్టింది. మూడోది పనిచేసింది కానీ, పాట కంటే ముందు గుయ్‌మనే మోత వచ్చేది. ఆ మోత మీద ఆయన పగబట్టారు.

కోడలు కాపురానికొచ్చిన మొదటి రోజే ఆమెనూ స్పీకర్ ముందు కూర్చోబెట్టారు. ఆమెకు చిన్నప్పటినుంచీ చెవులు మందం. ఈ సంగతి భర్తకు తెలుసు. "అమ్మావాళ్లకి మెల్లగా చెబుదాంలే" అన్నాడు మహానుభావుడు. ఆ మెల్లగా ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియాలి. చెవి మిషన్ అట్టపెట్టెలో, బీరువా అడుగున చీరల కింద ఉంది.

"గుయ్‌మంటోందామ్మా?"

"అబ్బే, ఏమీ లేదు మావయ్యగారూ!"

వంటింట్లోంచి అత్తగారు అరిచారు. "ఏమీ లేకపోవడమేమిటే, ఇక్కడిదాకా మోగుతుంటే!"

కోడలు నాలుక్కరుచుకుంది. మావయ్యగారు మాత్రం ఆమెను కసురుకోలేదు. ఓసారి చూసి, "పోనీలే" అని స్విచ్ కట్టేశారు.

వారం తిరక్కుండా ఇంట్లో కొత్త శాసనం వెలువడింది. "స్పీకర్‌కి చెవి పెట్టీ పెట్టీ నాకు చెవుడొచ్చింది. ఇకమీదట ఎవరైనా సరే, నా ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడాలి. పక్క గదిలోంచి గొణిగితే కుదరదు."

"కోరి తెచ్చుకున్నారు కదా!" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. "మీ పెట్టెలో చీమ నడిస్తే వినపడుతుంది, నేను పిలిస్తే వినపడదూ?"

"ఏమిటీ?"

"ఏమీ లేదు మహాప్రభో!"

అది మొదలు ఇల్లు చేపల బజారైంది. అందరూ ఎదురెదురుగా నిలబడి అరుచుకోవడమే. అలవాటైపోయి, ఆయన లేనప్పుడు కూడా అత్తగారు కోడలితో అలాగే అరిచేవారు. కోడలికి ఒక్క మాటా జారిపోయేది కాదు. ఇలాంటి చెవిటి మావగారు దొరకడం తన అదృష్టమని ఆ పిచ్చితల్లి మురిసిపోయింది.

కడుపు పండాక ఆ సంతోషానికి దిగులు పట్టుకుంది. బిడ్డ ఏడిస్తే వినపడకపోతే? గదిలో పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే, తను వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉండిపోతే? చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

మావయ్యగారికి ఇవేమీ పట్టినట్టు లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను రోజుకో పక్కకి తిప్పి చెవి పెట్టేవారు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ కట్టేవారు. నెలలు నిండేసరికి ఆయన గడ్డం కూడా నెరిసింది.

పాపను ఇంటికి తెచ్చిన రోజు, కోడలు వంటింట్లోకి అడుగుపెడితే గూట్లో ఆ పెట్టె కనిపించింది, పక్కనే స్పీకర్.

"గుయ్‌మనే దొంగ దొరికాడమ్మా! ఎర్త్ తీగల్ని రెండు చోట్ల కట్టి చచ్చాను ఇన్నాళ్లూ. అన్నీ ఒకే బోల్టు దగ్గరికి తెచ్చాను. చెవి పెట్టు."

ఆమె పెట్టింది. ఏమీ లేదు. "ఏమీ వినపడటం లేదు మావయ్యగారూ" అంది బెరుగ్గా.

"ఈసారి నిజమే" అన్నారాయన.

ఆ మాట ఆమెకు తలకెక్కేలోపే పాప ఏడుపు వంటిల్లంతా నిండిపోయింది. గదిలో ఉయ్యాలకు మైకు కట్టి ఉంది. గుయ్‌మనే మోత లేదు, గరగర లేదు. ఒట్టి ఏడుపు, ఉన్నదున్నట్టు. కోడలు గబగబా వెళ్లి పాపను ఎత్తుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, "మీకు తెలుసా?" అంది.

"ఏమిటీ? గట్టిగా చెప్పు, నాకు చెవుడు."

అవతల గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు, "ఈయనగారికి పిచ్చి ముదిరింది" అని తనలో తనే గొణుక్కున్నారు.

"ముదిరితే నీకేం?" అన్నారు మావయ్యగారు, నోరు జారి.

అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "అంటే వినపడుతోందన్నమాట! రెండేళ్లుగా గొంతు చించుకుని చస్తున్నాను కదయ్యా నేను!"

"ఆయనకి కాదత్తయ్యా, చెవుడు నాకు" అంది కోడలు. ఇన్నాళ్లూ నోట్లో ఆగిపోయిన మాట అంత తేలిగ్గా వచ్చేసినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదే! ఈ మనిషి కోసం అరిచేకంటే నీ కోసం అరవడం నయం."

ఆ సాయంత్రమే అట్టపెట్టె బీరువాలోంచి బయటికొచ్చింది. కోడలు మిషన్ చెవికి పెట్టుకుంటుంటే, మావయ్యగారు మెడ సాచి చూశారు.

"అమ్మా, అందులో గుయ్‌మంటోందా? ఓసారి ఇలా ఇవ్వు, విప్పి..."

"ముట్టుకోవద్దు!" అని అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అరిచారు.

"వినపడిందిలే" అని ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నారు.