నీలం తప్పిన వరుస

మొన్న ఏలూరులో డాక్టరుగారు నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. మన వయసువాళ్ళకు ఈ యోగం పట్టే ఉంటుంది లెండి. పరువు పోతుందని, వినిపించకపోయినా రెండుసార్లు ఎత్తేశాను. అంతలోనే మా పెద్ద మావయ్య గుర్తొచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లో బస్రా వైపు గుండ్లు పడుతుంటే, గాయపడ్డ ముగ్గురిని ఒక్కొక్కరినే భుజాన మోసుకొచ్చి పతకం తెచ్చుకున్న సిపాయి ఆయన. ఆ గుండ్ల మోతకే చెవులు పోయాయి. పంతొమ్మిది వందల ముప్పైల నాటికి మేమిద్దరం తివాచీల మగ్గం ముందు ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. వెనక నిలబడి మేస్త్రీ మూడు ఎరుపు, రెండు నీలం అని రాగం తీసి చదువుతుంటే వింటూ ముళ్ళు వేయాలి. చెవిటివాడికి ఆ బల్ల మీద చోటెక్కడిది? అందుకని ఏ రంగు ఎన్ని ముళ్ళో నా మోకాలితో ఆయన మోకాలిని తట్టి చెప్పేవాణ్ణి. ఇది బయటపడితే అత్తయ్యా పిల్లలూ పస్తులేనని, అలా నాలుగేళ్ళపాటు ప్రాణాలు అరచేత పట్టుకునే నేశాను.

రంజాను దగ్గరపడ్డ రోజుల్లో ఒకనాడు, తివాచీ కొనే దొర వస్తున్నాడని యజమాని మావయ్యను పతకం పెట్టుకుని రమ్మన్నారు. ఆ దొర బూట్ల చప్పుడు సరిగ్గా మా వెనకే ఆగేసరికి నాకు చెమటలు పట్టి, నీలం బదులు నలుపు తట్టాను, నేనూ నలుపే వేశాను. మేస్త్రీ కేక పెట్టేసరికి వరుస సగం దాటిపోయింది. దొర ముందు తలవంపులైన యజమాని, పతకం తెచ్చుకున్న సిపాయి తప్పు చేయడని, ఇదంతా నా నిర్వాకమేనని నన్ను బల్ల దిగిపొమ్మన్నారు. మావయ్యకు ఒక్క మాటా వినపడలేదు. ఇటు తిరిగి నా మొహం చూశాడు, అంతే.

"ఈ తప్పు నాదండీ. నాకు చెవులు వినపడవండీ, మా మేనల్లుడు నా చెయ్యి చూసి పొరబడ్డాడండీ" అంటూ తనే దిగిపోయాడు.

కాదండీ, నాదేనండీ అనడానికి నాకు నోరు పెగల్లేదు. ఇంట్లో అమ్మ నా సంపాదన మీదే ఉందని తర్వాత సర్దిచెప్పుకున్నాను, ఎవరికి చెప్పను! మర్నాటి నుంచి మావయ్య కాలువలో నడుములోతు నీళ్ళలో నిలబడి ఉన్ని కడిగేవాడు. తప్పు ఎవరిదో ఆయనకు తెలుసు, ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. నేను అటుగా వెళితే ఎప్పటిలాగే నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేనే దారి మార్చుకున్నాను.

ఇప్పుడు మగ్గాల ముందు ఏ ముడి ఏ రంగో వేసి చూపించే గళ్ళ కాగితం వేలాడదీస్తున్నారు, రంగులు చదివే గొంతులు లేవు; చెవిటివాడైనా దర్జాగా నేసుకోవచ్చు. ఆ కాగితమే అప్పుడుంటే మావయ్య ముసలితనం దాకా బల్ల మీదే ఉండేవాడు. నేనెంత పిరికివాణ్ణో నాకూ తెలిసేది కాదు.