మగ్గం ఆగితే మెలకువ

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో ఫోన్‌లో ఒక సినిమా చూశాను. చివర్లో చప్పుడంతా ఆగిపోయి, హీరో కళ్లు తెరుస్తాడు. అది కలో నిజమో తేలలేదు. టికెట్ వెనక లెక్క వేశాను. కలకు ఏడు ఆనవాళ్లు, నిజానికీ ఏడే.

నాతోపాటు చూసిన పక్క సీటు పెద్దాయన నవ్వాడు.

"గిండ్ల లెక్కేంది తమ్మీ? మెలకువనే అది. మేం మరమగ్గాల సప్పుడులనే పండుకుంటుంటిమి. పోగు తెగి మగ్గం ఆగితేనే మెలకువ అచ్చేది. మగ్గాలు అమ్మి రెండేండ్లాయె. ఇంట్ల సప్పుడు లేదు, నిద్ర పడ్తలేదు."

కొడిమ్యాల దాటాక బస్సు మోతకు ఆయన నిద్రపోయాడు. బోయినపల్లిలో డ్రైవర్ ఇంజిన్ ఆపాడు. కళ్లు తెరవకముందే ఆయన వేళ్లు ముందు సీటు మీద తెగిన పోగు కోసం తడిమాయి.

ఆయనకు దొరికిన నిద్ర ఇరవై ఆరు నిమిషాలు.