మెత్తవి, గరగరవి

కవరు చేతికి వస్తే ఆమె దానివైపు చూడదు. చెవి దగ్గర పెట్టి ఒకసారి నలుపుతుంది. మెత్తగా పలికితే ఎడమవైపు గోతాంలోకి, గరగరమంటే కుడివైపు గోతాంలోకి. ముప్పై ఆరేళ్ళుగా అదే పని. అందుకే వీధికంతటికీ ఆమె గరగరత్త.

వీధి పెద్దదేమీ కాదు. నలభై ఏడు కొట్లు. బట్టల కొట్టువాళ్ళు చొక్కాల కవర్లు, కాలరు కింద పెట్టే అట్టముక్కలు పారేస్తారు. బేకరీలో రొట్టె కవర్లు, ఖాళీ నూనె డబ్బాలు. మందుల కొట్టులో సీసాలు. టైలరు దగ్గర పీలికలు. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాల అంచులు, పొడుగ్గా, తెల్లగా, కత్తిరించిన జుట్టులా. వీటన్నిటినీ పొద్దున్నే మూడుచక్రాల బండి మీద ఆమె భర్త తెస్తాడు. వీధి చివర, టైర్ల కొట్టు వెనక, ఒక రేకుల షెడ్డు. అందులో పట్టా పరుచుకుని గరగరత్త, ఆమె ఆడపడుచు ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో కుప్ప.

కుప్ప తగ్గుతున్నకొద్దీ ఎదుటి మనిషి మొహం కనిపిస్తుంది. ముందు కళ్ళు, తర్వాత ముక్కు, మధ్యాహ్నానికి నోరు.

"మా ఆడపడుచుకి నోరు కనపడకముందే మాటలు వచ్చేస్తాయి" అనేది గరగరత్త.

ఆ పని ఆమెకి నేర్పింది అత్తగారు. పెళ్ళయిన వారానికే కొత్తకోడలి కళ్ళకి గుడ్డ కట్టి పట్టా మీద కూర్చోబెట్టింది. "కళ్ళని నమ్మకు. రెండు రకాలూ తెల్లగానే ఉంటాయి, రెండూ మెరుస్తాయి. నలిపితే నిజం చెప్తాయి" అంది. మూడు రోజులు అలాగే ఏరించింది. మూడోరోజు సాయంత్రం రెండు గోతాల్లోనూ మోచేతుల దాకా చేతులు పెట్టి కెలికి చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని తెలియడానికి కోడలికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

రెంటినీ ఎందుకు విడదీయాలని ఎవరైనా అడిగితే గరగరత్త దగ్గర ఒకటే జవాబు. "మెత్తది త్వరగా కరుగుతుంది, గరగరది ఆలస్యంగా. రెంటినీ ఒకే మూకుట్లో పోస్తే ఒకటి మాడుతుంది, ఒకటి ఉడకదు." మూకుడు అంటే గింజల ఫ్యాక్టరీ. అక్కడ పాత కవర్లని కరిగించి సన్నటి గింజలు చేస్తారు. ఆ గింజల నుంచి మళ్ళీ కవర్లు వస్తాయి. వాటిలో కొన్ని ఇదే వీధికి వచ్చి, ఏ కొట్లోనో వేలాడి, చివరికి ఆమె చెవి దగ్గరికే చేరతాయి.

ఆమె జవాబులు దారి తప్పడం మొదలైనప్పుడు అందరూ నవ్వుకున్నారు.

మోకాళ్ళ మందు కోసం వెళ్ళినప్పుడు మందుల కొట్టాయన, "బండి రానక్కర్లేదత్తా, ఇవాళ సీసాలు లేవు" అన్నాడు.

"మీసాలు లేకపోతేనేం నాయనా, మొహం కళకళలాడుతూనే ఉంది" అంది గరగరత్త, మనస్ఫూర్తిగా.

ఆయన పైపెదవి తడుముకున్నాడు. మందుల కోసం నిలబడ్డవాళ్ళు నొప్పులు మర్చిపోయి నవ్వారు. వారం రోజులపాటు ఆయన ఎక్కడ కనపడినా వీధి ఆయన మీసాల గురించే వాకబు చేసింది.

షెడ్డులోనూ అంతే.

"ఆ సంచి ఇలా పడెయ్ వదినా."

"మంచిదే. ఎవరు కాదన్నారు?"

"ఆఁ, మంచిదే, నువ్వు మహా మంచిదానివి. ముందా సంచి ఇటు తగలెయ్!"

పెద్ద చప్పుళ్ళు ఆమెకి బాగానే వినిపించేవి. లారీ హారను, రేకుల మీద వాన, మొగుడి గురక. పోయినవి సన్న చప్పుళ్ళు. అవి ఎప్పుడు పోయాయో ఆమెకి తెలియదు. పోయేవి చెప్పి పోలేదు. కవర్లు మాత్రం రోజురోజుకీ మెత్తబడుతున్నట్టు అనిపించింది. ఈమధ్య మంచి రకం తయారుచేస్తున్నారు కాబోలు అనుకుంది. తన చేతి నుంచి గరగరవాటి గోతాంలో పడేవి తగ్గాయి. అదీ మంచికే అనుకుంది.

గింజల ఫ్యాక్టరీ లారీ నెలకి రెండుసార్లు వస్తుంది. దానితోపాటు సరుకు చూసుకునే మనిషి వస్తాడు. షెడ్డులో అతని పేరు కళ్ళజోడు. ఆ రోజు అతను సరుకు ఎక్కించుకోవడానికి ముందు, లారీలోంచి ఒక మూట కిందికి దింపించాడు.

"ఇది పోయినసారి మీరు పంపిన మెత్తవాటిల్లో మిగిలిన మూటమ్మా. సగం గరగరవే ఉన్నాయి. కరిగించినవాటితో షీటు పల్చగా లాగుతుంటే కరగని ముక్క ఉన్నచోటల్లా చిల్లు. ఒకపూట మిషను ఆపుకున్నారు."

"ఇక్కణ్ణించి పోయింది కాదేమో చూసుకో బాబూ."

"మీ ముడి నాకు తెలీదా?" అని అతను మూట ముడి చూపించాడు. గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "ఇంకొక్కసారి ఇలా వస్తే ఇటువైపు బండే పంపొద్దన్నారు. నా చేతుల్లో లేదు."

లారీ రాకపోతే ఏమవుతుందో ఆ వీధికి తెలుసు. వెనకటికి కొట్లవాళ్ళు కవర్లని వెనకసందులో తగలబెట్టేవారు. ఆ పొగకి టైలరు ఆరేసిన తెల్ల లైనింగు బట్ట మధ్యాహ్నానికి బూడిదరంగు తిరిగేది. ఆ మంటలు ఆపించింది గరగరత్త అత్తగారు. కొట్టుకొట్టుకీ తిరిగి, ఇటివ్వండి, మేం ఏరుకుంటాం అని బతిమాలింది. ఆ మాట మీదే షెడ్డు నిలబడింది.

లారీ వెళ్ళిపోయాక గరగరత్త మూట విప్పింది. ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర పెట్టుకుంది. పది, ఇరవై.

"అన్నీ మెత్తవే కదే పిల్లా! ఏం కూశాడు వాడు?"

ఆడపడుచుకి నలభై ఐదేళ్ళు. వదినకి మాత్రం పిల్లే. ఆమె ఒక రొట్టె కవరు తీసుకుని వదిన చెవి దగ్గరికి తెచ్చింది.

"వినపడిందా?"

"ముందు నలుపు మరి."

"నలుపుతున్నా వదినా."

గరగరత్త ఆ వేళ్ళవైపు చూసింది. వేళ్ళు కదులుతున్నాయి. కవరు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది, మళ్ళీ ముడుచుకుంటోంది. చప్పుడు లేదు.

కవరు లాక్కుని, "నీకెప్పట్నించి తెలుసు?" అంది.

"ఎనిమిది నెలలు."

ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం వదిన చేతులు కడుక్కుని అన్నాలు సర్దడానికి లేవగానే, ఆడపడుచు ఎడమ గోతాంలోని గరగరవాటిని ఏరి కుడి గోతాంలో వేస్తోంది. ఆమధ్య కూతురి పురుటికని పది రోజులు వెళ్ళింది. ఆ పది రోజుల మూటే తిరిగొచ్చింది.

"అయితే నా వెనకాల ఏరావన్నమాట."

"నీ ముందర ఏరితే ఊరుకునేదానివా?"

"అన్నాచెల్లెళ్ళు కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు."

"అన్నయ్యకేం తెలీదు. చెప్తే దండోరా వేసేవాడు కాదూ!"

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడినా నీకు వినపడేది కాదుగా అని ఆడపడుచు తర్వాత అన్నప్పుడు గరగరత్త చీపురు విసిరింది. అది తగలలేదు. తగలాలని విసరలేదు కూడా.

చెవుల డాక్టరు ఒక మిషను పెట్టి చూపించాడు. ఫ్యాను, కుర్చీల రాపిడి, బయట బళ్ళు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. డాక్టరు బల్ల మీది కవరు తీసి ఆమె నలిపింది. ఆ హోరులో గరగర ఎక్కడుందో దొరకలేదు. మిషను తీసి బల్ల మీద పెట్టేసింది.

"పోనీలే, అట్టపెట్టెలు మడుచుకో. కూర్చుని చేసే పనే" అన్నాడు భర్త.

రెండు రోజులు మడిచింది. "వీటికి మనిషెందుకయ్యా, నువ్వు పైకెక్కి కూర్చో, అవే అణుగుతాయి" అంది. పట్టా మీద తన చోటు ఖాళీగా ఉంది. ఆడపడుచు ఆ చోటిలోకి జరగలేదు. ఒక్కతే ఎదురుగా తన వైపే కూర్చుని, రెండు చేతులా ఏరుతోంది. సగం కుప్ప కూడా తరగడం లేదు.

చెవి లేకపోయినా ఒక దారి ఉంది. కవరు రెండు అంచులూ పట్టుకుని లాగితే మెత్తది సాగుతుంది, గరగరది చిరుగుతుంది. గరగరత్త లాగి చూసింది. సరిగ్గానే తేలింది. కాని రోజుకి వేల కవర్లు. మధ్యాహ్నానికి వేళ్ళు మొరాయించాయి. వంద కవర్లయితే లాగగలదు. వేలు లాగలేదు.

మర్నాడు పొద్దున్న భర్త బండి తీస్తుంటే వెళ్ళి అందులో ఎక్కి కూర్చుంది.

ముందు బట్టల కొట్టు. చెవి తగ్గినకొద్దీ ఆమె గొంతు పెరిగింది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

"ఇది నలుపు నాయనా!" అని చొక్కా కవరు ఒకటి కొట్టాయన ముందు పెట్టింది.

"మెల్లగా అత్తా, బేరాలున్నాయి."

"ఆఁ?"

"మెల్లగా అంటున్నా!"

"మెల్లగా ఎందుకు, గట్టిగానే నలుపు. నీ సొమ్మేం పోదు."

ఆయన నలిపాడు. ఆమె ఇంకో కవరు ఇచ్చింది. అదీ నలిపాడు. చీరలు చూస్తున్న ఒకావిడ ఆసక్తిగా చెయ్యి చాచి, తనూ రెండూ నలిపి చూసి, "అవును, దీనిది వేరే చప్పుడు!" అంది.

"అదే తల్లీ. ఆ తేడా నాకింక వినపడదు. మీకు వినపడుతుంది. రెండు గోతాలు పెట్టుకోండి. మెత్తవి ఒకదాంట్లో, గరగరవి ఒకదాంట్లో. తేల్చుకోలేనివి ఈ చిన్న సంచిలో వెయ్యండి. అవి నేను చూసుకుంటా."

"ఇంత పని మాకెక్కడ కుదురుతుంది అత్తా?"

"పడేసేటప్పుడు ఎలాగూ నలుపుతావుగా. కొంచెం చెవి దగ్గర నలుపు."

నలభై ఏడు కొట్లకీ అదే మాట, అదే గొంతుతో చెప్పింది. మొదటి ఇరవై కొట్లు దాటేసరికి మిగతావాళ్ళకి ముందే వినిపించింది.

"చెవుడని వీధంతా నువ్వే చాటుకొస్తావేంటి వదినా?" అంది ఆడపడుచు, తల పట్టుకుని.

"చెప్పకపోతే వాళ్ళెందుకు వింటారే?"

అందరూ ఒక్కరోజులో వినలేదు. కొందరు మొదటివారం గోతాలు పెట్టి రెండోవారం మర్చిపోయారు. ఫ్యాన్లు, దీపాలు అమ్మే కొట్టాయన అన్నీ ఒకే గోతాంలో కుక్కి పంపాడు. గరగరత్త దాన్ని బండి మీద వెనక్కి తీసుకెళ్ళి ఆయన బల్ల మీదే బోర్లించింది. "ఇవి మీవే. ఏది ఏదో చెప్పి పంపండి" అంది. ఆయన నాలుగు రోజులు మొహం తిప్పుకున్నాడు. అయిదోరోజు ఆయన భార్య రెండు గోతాలు పంపింది. బేకరీ ఆయన మాత్రం ఆ పనిలో పడి రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా కవర్లిచ్చి, ఏ రకమో చెప్పమని పరీక్షలు పెట్టసాగాడు. మందుల కొట్టాయన తప్పు చెప్పాడని బయటికి పొక్కింది.

షెడ్డులో కుప్ప అలవాటు మార్చుకుంది. ముప్పావువంతు విడిగానే వస్తోంది. మిగిలింది ఆడపడుచు ఏరుతుంది. అనుమానం సంచులు గరగరత్త ముందుకి వస్తాయి. ఒక్కొక్కటీ తీసి, రెండు చేతులా పట్టుకుని, లాగుతుంది. సాగితే ఎడమకి, చిరిగితే కుడికి.

ఒక షరతు పెట్టింది. "మధ్యాహ్నం నేను లేచినప్పుడు నువ్వూ లేవాలి. నేను లేనప్పుడు పట్టా మీద ఒక్క నిమిషం ఉన్నావంటే చూడు."

"నమ్మకం లేదా?"

"లేదు. ఎనిమిది నెలలు నమ్మాను చాలదూ!"

లారీ వచ్చింది. కళ్ళజోడు మెత్తవాటి మూటని తనే విప్పాడు. పైవి వదిలేసి, మధ్యలోకి చెయ్యి దూర్చి గుప్పెడు తీశాడు. ఒకటి నలిపాడు. ఇంకోటి. ఇంకోటి. గరగరత్త అతని చేతుల్ని, తర్వాత అతని మొహాన్ని చూసింది. మొహంలో ఏమీ లేదు. అతను మళ్ళీ చెయ్యి దూర్చాడు, ఈసారి అడుగు దాకా. ఆడపడుచు కొంగు నోట్లో పెట్టుకుంది.

అతను మూట మళ్ళీ కట్టి, లారీవైపు తిరిగి ఏదో అన్నాడు. ఇంజను మోగుతోంది.

"ఏమన్నాడే?"

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "నిన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు" అంది, వీధికి వినపడేంత గట్టిగా.

బండి తుడుస్తున్న అన్నగారు తిరిగి చూశాడు.

మూటలు ఒకదాని వెనక ఒకటి లారీ ఎక్కుతున్నాయి. మెత్తవాటి మూట కూడా ఎక్కింది. గరగరత్త అది లోపలికి జరిగి కనపడకుండా పోయేదాకా చూసింది.

"ఆలోచించుకుని చెప్తానను" అంది. పట్టా మీద కూర్చుని బేకరీవాళ్ళ అనుమానం సంచి దగ్గరికి లాక్కుంది.